క్లానాడ్ ఆఫ్టర్ స్టోరీ ముగింపు: అంత ఏడిపించి చివరికి ఇలా చేయడం న్యాయమేనా? (స్పాయిలర్లు ఉన్నాయి)

#1 పొద్దుతిరుగుడు

క్లానాడ్ అనే జపనీస్ యానిమే (బొమ్మల సీరియల్) రెండో సీజనే ఆఫ్టర్ స్టోరీ. నిన్న రాత్రి రెండున్నరకి దాని 22వ ఎపిసోడ్ అయిపోయింది. పొద్దున ఆఫీసులో కూడా అదే బుర్రలో తిరుగుతోంది. ఎవరితోనైనా మాట్లాడితే తప్ప ఊరట ఉండదని ఇక్కడ రాస్తున్నా. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేస్తాను.

16వ ఎపిసోడ్‌లో హీరో తొమొయా భార్య నగిసా కాన్పులో చనిపోయింది. బయట మంచు, లోపల పసిపాప ఏడుపు. తొమొయా ఆమె చెయ్యి పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాడు, ఆమె పలకడం లేదు. ల్యాప్‌టాప్ మూసేసి రెండు రోజులు దాని జోలికి వెళ్ళలేదు.

తర్వాత 18. ఐదేళ్ళు కూతుర్ని అత్తామామలకి వదిలేసి తిరిగిన మనిషి, మొదటిసారి ఆ పిల్లతో ఒంటరిగా ప్రయాణం చేస్తాడు. దారిలో కొనిచ్చిన రోబో బొమ్మని ఉషియో పూల మధ్య పోగొట్టుకుంటుంది. ఇంకోటి కొంటానంటే వద్దంటుంది. నాన్న తనకోసం ఎంచి కొన్నది అదొక్కటే మరి. ఏడవడానికి రెండే చోట్లున్నాయట ఆ పిల్లకి, ఒకటి బాత్రూమ్, రెండోది నాన్న ఒడి. అమ్మమ్మ సనాయె అలా చెప్పింది. అది విన్నాక నాకు నోట మాట రాలేదు.

21లో ఆ పిల్ల కూడా పోయింది. సరే, గుండె రాయి చేసుకుని అదీ చూశాను. 22లో ఏమైంది? అంతా వెనక్కి తిరిగింది. నగిసా బతికే ఉంది, పాపకి నీళ్ళు పోస్తున్నారు, పాట వచ్చింది, అయిపోయింది.

మరి ఆ పూలతోటలో తండ్రీకూతుళ్ళు ఒకరికొకరు దొరికారే, అది జరిగినట్టా, జరగనట్టా? 19లో తొమొయా వాళ్ళ నాన్నతో మాట్లాడాడే, అది? ఏడాదంతా చదివి పరీక్ష రాసి వచ్చాక, పేపర్ లీకైంది, పరీక్ష రద్దు అన్నట్టుంది నాకు.

#2 మళ్ళీమళ్ళీ

నాకూ మొదటిసారి ఇదే కోపం. రెండోసారి చూసినప్పుడు పోయింది. ఎందుకు పోయిందో అడిగితే మాత్రం చెప్పలేను.

#3 గోదారిగట్టు

నీతో వంద శాతం ఏకీభవిస్తా. పౌరాణికాల్లో చివర్లో దేవుడు ప్రత్యక్షమై వరాలిచ్చి అంతర్ధానమైతే ఎవరూ అడగరు, అక్కడ మొదటి నుంచీ దేవుడున్నాడు కాబట్టి. ఇక్కడ అద్దె ఇల్లు, జీతం, రాత్రి ఉద్యోగం నుంచి వచ్చి కంచం ముందే నిద్రపోవడం, అంతా మన ఇళ్ళలో జరిగే కథ. 40కి పైగా ఎపిసోడ్లు నేల మీద నడిపి, ఆఖరి ఇరవై నిమిషాల్లో రెక్కలు కట్టారు. నాకు 16 నుంచి 19 వరకే క్లానాడ్.

#4 సేవ్‌ఫైల్

ఇది విజువల్ నావెల్ అనే రకం కంప్యూటర్ ఆట నుంచి వచ్చిన కథ. ఆ సంగతి పక్కనపెట్టి ముగింపు గురించి మాట్లాడితే అన్యాయం అవుతుంది. కాస్త ఓపికగా చదవండి.

కీ అనే సంస్థ 2004 ఏప్రిల్ 28న ఈ ఆటని కంప్యూటర్లకి విడుదల చేసింది. ముఖ్య రచయిత జున్ మాయెదా. ఆట అంటే పరుగులూ తుపాకులూ ఉండవు. తెర మీద బొమ్మ, కింద మాటలు. మీరు చదువుతూ నొక్కుతూ పోవాలి, అక్కడక్కడా ఏం చేస్తావని అడుగుతుంది. మీ జవాబుని బట్టి కథ ఒక్కో అమ్మాయి వైపు, ఒక్కో స్నేహితుడి వైపు మళ్ళుతుంది. ఫూకో దారి వేరు, కొతొమి దారి వేరు, తొమొయో దారి వేరు. ఒక దారి ముగిశాక మళ్ళీ మొదటి నుంచి, అదే చెర్రీ చెట్ల ఎత్తు దారి దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ఒక్కో దారిని మంచిగా ముగిస్తే మీకొక వెలుగు దొరుకుతుంది. ఆట మొదటి తెర మీద ఆ వెలుగులు ఒక్కొక్కటీ పోగవుతూ కనపడతాయి. ఆఫ్టర్ స్టోరీ భాగానికి వెళ్ళి, వెలుగులు సరిపడా లేకుండా చివరికి వస్తే నగిసా పోతుంది, ఉషియో పోతుంది, అంతే, అక్కడితో ముగుస్తుంది. అన్నీ పోగు చేస్తేనే అసలు ముగింపు తెరుచుకుంటుంది.

నాకు దానికి మూడు వారాలు పట్టింది. రాత్రి పన్నెండు దాటాక హాస్టల్ గదిలో దుప్పటి కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆడేవాడిని. చివరి తెర వచ్చినప్పుడు అద్భుతం జరిగిందని అనిపించలేదు. ఇన్ని రోజులూ ఇంతమంది కోసం చేసినదంతా ఇప్పుడు తిరిగొచ్చిందనిపించింది.

యానిమేలో తొమొయా ఒక్కడే, కాలం ఒక్కటే. అందుకే క్యోటో యానిమేషన్ వాళ్ళు అన్ని దారుల్నీ ఒకే స్కూలు సంవత్సరంలోకి కుదించి, ప్రేమ నగిసాతో, మిగతా అందరికీ సాయం అన్నట్టు అల్లారు. వెలుగులు అక్కడక్కడా చూపించారు కానీ మనం లెక్కపెట్టుకోం. చేత్తో పోగు చేసినవాడికి, చూసి వదిలేసినవాడికి ఉన్న తేడా ఇదే.

#5 గోదారిగట్టు

అంటే మూడు వారాలు ఆట ఆడితే తప్ప 22వ ఎపిసోడ్ అర్థం కాదన్నమాట. అదే నా ఫిర్యాదు కూడా. టీవీలో వచ్చింది టీవీలోనే నిలబడాలి. వండినవాడు పక్కన కూర్చుని ఇందులో ఏమేం వేశాడో చెబితే తప్ప రుచి తెలియకపోతే, ఆ కూరలో ఏదో తక్కువైనట్టే.

#6 సేవ్‌ఫైల్

తక్కువైందని నేనూ ఒప్పుకుంటా. మోసం కాదంటున్నా, అంతే.

#7 రాత్రిడ్యూటీ

నేను ప్రసూతి వార్డులో నర్సుని. పదకొండేళ్ళ సర్వీసు. 16వ ఎపిసోడ్ గురించి నాకొక మాట చెప్పాలనుంది.

సినిమాల్లో కాన్పు అంటే ఒక కేక, తర్వాత పాప ఏడుపు, అందరూ నవ్వులు. ఇందులో అలా లేదు. గంటలు గడుస్తున్నాయని తెలుస్తుంది. మంచు పడి దారి మూసుకుపోయింది, ఆసుపత్రికి తీసుకెళ్ళలేరు, మంత్రసాని ఉంది. తొమొయాకి చేయడానికి పనేమీ లేదు. చెయ్యి పట్టుకోవడం, పేరు పెట్టి పిలవడం, ఈ రెండే. మా వార్డు బయట బెంచీ మీద కూర్చునే మగాళ్ళందరి మొహాల్లో ఇదే చూస్తాను. ఎవరైనా ఒక పని చెబితే బాగుండు, మందు తెమ్మంటే బాగుండు అన్నట్టు ఉంటారు. అందుకే నేను ఊరికే వేడినీళ్ళు తెమ్మని పంపిస్తుంటాను.

పాప పుట్టాక నగిసా చూస్తుంది. చూసి సంతోషపడుతుంది. ఆ తర్వాత తొమొయా మాట్లాడుతూ పోతాడు, ఆమె నుంచి జవాబు తగ్గుతూ వస్తుంది. అక్కడ సంగీతంతో కొట్టి ఏడిపించలేదు. ఆ నిదానం నిజం. నేను చూశాను కాబట్టి చెబుతున్నా.

ముగింపు విషయంలో నేను పొద్దుతిరుగుడు పక్షం కాదు. నా కళ్ళ ముందు పోయినవాళ్ళలో ఒక్కరినైనా వెనక్కి తెచ్చే కథ ఎవరైనా రాస్తే, నేను దాన్ని తప్పు పట్టలేను. చూసి ఇంటికెళ్ళి నిద్రపోతాను.

#8 చిన్నడౌటు

అసలు నగిసాకి ఉన్న జబ్బేంటి? జ్వరం జ్వరం అంటారు, పేరు చెప్పరు. స్కూల్లో ఒక ఏడాది పోయింది కూడా దానివల్లే కదా.

#9 రాత్రిడ్యూటీ

నాకూ ఆ చిరాకు ఉంది. వైద్యం వైపు నుంచి చూస్తే దానికి తలాతోకా లేదు.

#10 సేవ్‌ఫైల్

అది వైద్యం కాదక్కా, ఊరి సంగతి. చిన్నప్పుడు నగిసా మంచులో అమ్మానాన్నల కోసం ఎదురుచూస్తూ బయటే పడిపోతుంది. వాళ్ళ నాన్న అకియో ఆమెని ఎత్తుకుని చెట్లున్న ఒక పచ్చటి చోటుకి పరిగెత్తి, బతికించమని వేడుకుంటాడు. బతుకుతుంది. అప్పటి నుంచి ఆమె ప్రాణం ఊరితో ముడిపడింది. తర్వాత సరిగ్గా ఆ చోటే చెట్లు కొట్టి ఆసుపత్రి కడతారు. ఊరు మారే కొద్దీ ఆమె క్షీణిస్తుంది. అకియో ఈ కథ తొమొయాకి ఆ కడుతున్న చోటే చెబుతాడు. 15వ ఎపిసోడ్ చుట్టుపక్కల చూడండి.

#11 స్తంభంమీద

నేను ఎలక్ట్రీషియన్‌ని. వీధిలైట్లు, ఇళ్ళ వైరింగ్, ఏదొస్తే అది. నా తమ్ముడు బలవంతాన చూపించాడు, బొమ్మల సినిమా ఎవడు చూస్తాడు అనుకుంటూ కూర్చున్నా. 10వ ఎపిసోడ్‌లో తొమొయా యోషినో అనే ఎలక్ట్రీషియన్ దగ్గర పనిలో చేరతాడు. అక్కడి నుంచి లేవలేదు.

ఎందుకంటే ఆ అబ్బాయికి కుడి భుజం దెబ్బతింది. నాన్నతో గొడవలో తగిలిన దెబ్బ, బాస్కెట్‌బాల్ పోయింది, చెయ్యి భుజం పైకి లేవదు. ఇప్పుడు ఆలోచించండి. మా పనంతా భుజం పైకే. నిచ్చెన మీద నిలబడి, బెల్టు కట్టుకుని, తల పైన ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో స్క్రూ బిగించాలి. మంచి భుజాలున్న నాకే మొదటి నెల అన్నం ముద్ద నోటి దాకా ఎత్తడం కష్టమైంది. వాడు ఇంటికొచ్చి తింటూ తింటూ నిద్రపోతాడు కదా, నాకు నవ్వు రాలేదు. మా అమ్మ నాకు కలిపి పెట్టిన రోజులు గుర్తొచ్చాయి.

తీసినవాళ్ళు ఆ పనిని గౌరవంగా చూపించారు. హీరో వైరు కలిపితే టక్కున లైటు వెలిగిందని కాకుండా, పని నేర్చుకోవడం ఎంత మెల్లగా వస్తుందో చూపించారు.

ముగింపు గురించి మీరంతా తేల్చండి. నాకు వాడు ఆ పనిలో నిలబడటమే పెద్ద విషయం.

#12 వరంగల్ వీణ

స్తంభంమీద అన్నా, నీ పోస్టు చదివాక నేను ఆ ఎపిసోడ్ మళ్ళీ చూసిన. భుజం సంగతి నాకు తట్టనే లేదు. థాంక్స్.

#13 ఒసాకా అద్దెగది

ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది. మొదటి శీతాకాలంలో ఇది చూశాను, ఒక్కడినే, హీటర్ పక్కన. తిండి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను.

మొట్టమొదటి సీన్‌లో నగిసా స్కూలుకి వెళ్ళే ఎత్తు దారి మీద నిలబడి, ముందుకి నడిచే ధైర్యం చాలక తనలో తను ఒక మాట అంటుంది: అన్‌పాన్. అది తిండి పేరు. ఎర్ర చిక్కుడు గింజలు ఉడికించి, చక్కెర వేసి రుబ్బి, ఆ ముద్దని బన్ను లోపల పెట్టి కాలుస్తారు. మన పూర్ణాన్ని బూరెలో కాకుండా బన్నులో పెట్టినట్టు. టోక్యోలోని కిమురయా అనే దుకాణం 1874లో మొదలుపెట్టింది, ఆ మరుసటి ఏడాది మెయిజీ చక్రవర్తికి కూడా పెట్టారు. ఇప్పుడు ప్రతి సందు చివరి కొట్టులోనూ దొరుకుతుంది. అంటే ఆ పిల్ల ధైర్యం కోసం తలుచుకునేది చాలా మామూలు వస్తువు. మన పిల్ల పరీక్ష హాలు ముందు నిలబడి పూర్ణంబూరె, పూర్ణంబూరె అనుకున్నట్టు. అది తెలిశాక ఆ సీన్ నాకు ఇంకా నచ్చింది.

డాంగో అంటే బియ్యప్పిండి ఉండలు, పుల్లకి గుచ్చి అమ్ముతారు. చెర్రీ పూల రోజుల్లో గులాబీ, తెలుపు, ఆకుపచ్చ మూడు రంగుల్లో ఉంటాయి. మొదటి సీజన్‌లో ఎపిసోడ్ల చివర వచ్చే డాంగో కుటుంబం పాట రాసింది, బాణీ కట్టింది కూడా జున్ మాయెదానే. ఆ పాట మొదట్లో పిల్లల పాటలా హాయిగా ఉంటుంది. ఆఫ్టర్ స్టోరీ అయ్యాక దాన్ని వినడం నావల్ల కాలేదు. కొట్లో డాంగో చూసినా గుండె కలుక్కుమంటుంది.

#14 చిన్నడౌటు

నగిసా అమ్మ సనాయె గారు చేసే, ఎవరూ తినలేని ఆ బ్రెడ్డు కూడా ఆ కొట్లలో అమ్ముతారా?

#15 ఒసాకా అద్దెగది

అమ్మితే ఊళ్ళో అందరూ ఏడుస్తూ పరిగెత్తాలి. 😄

#16 మళ్ళీమళ్ళీ

ఆవిడ ఏడుస్తూ పరిగెత్తడం, అకియో నోటి నిండా ఆ బ్రెడ్డు కుక్కుకుని నాకిది చాలా ఇష్టం అని అరుస్తూ వెనకాల పరిగెత్తడం. మా ఇంట్లో ఉప్మా రోజు ఇదే సీన్ నడుస్తుంది, నాన్నే అకియో.

#17 మోడరేటర్

టైటిల్‌లో స్పాయిలర్ హెచ్చరిక కలిపాను. ఉప్మా చర్చకి వేరే థ్రెడ్ ఉంది.

#18 కోనసీమ కొబ్బరి

అద్భుతం వద్దనుకునేవాళ్ళకి 2007 సెప్టెంబరులో వచ్చిన సినిమా ఉంది కదా. తోయె స్టూడియో వాళ్ళది, ఒసాము దెజాకి దర్శకత్వం. టీవీ సిరీస్ కంటే కొన్ని వారాల ముందే థియేటర్లలోకి వచ్చింది. అందులో నగిసా పోతుంది, తొమొయా కుంగిపోతాడు, చివరికి కూతుర్ని కలుస్తాడు. కాలం వెనక్కి తిరగడం, వెలుగులు ఇవేమీ లేవు. గోదారిగట్టు అడిగే ముగింపు సరిగ్గా అదే.

నేను రెండూ చూశాను. సినిమా ముగింపు సబబుగానే ఉంది. మనసులో మాత్రం నిలవలేదు. ఇప్పుడు అడిగితే ఒక్క సీన్ కూడా సరిగ్గా గుర్తులేదు.

#19 గోదారిగట్టు

సినిమా గంటన్నర. మనుషుల్ని పరిచయం చేసేలోపే అయిపోతుంది. దాన్నీ దీన్నీ పోల్చడం కుదరదు. ఫూకో లేకుండా, కొతొమి పెట్టె లేకుండా క్లానాడ్ ఏంటి?

#20 వరంగల్ వీణ

కొతొమి పెట్టె! విమానం కూలిపోతుందని తెలిసి అమ్మానాన్నలు ఆఖరి క్షణంలో పరిశోధన కాగితాలు తీసేసి బిడ్డ అడిగిన టెడ్డీబేర్ పెట్టిన పెట్టె. దేశాలు దాటి, చేతులు మారి, ఏండ్ల తర్వాత ఆ పిల్ల దగ్గరికి వస్తది. ఎవరో తెలియని మనుషులు ఒక్కొక్కరూ దాన్ని ముందుకు పంపుతరు. నాకు మొత్తం రెండు సీజన్లలో అదే అన్నిటికంటే ఇష్టం. ముగింపు అద్భుతం అంటున్నరు కదా, ఆ పెట్టె రావడం అద్భుతం కాదా? అప్పుడెవరూ అడగలేదే.

#21 పొద్దుతిరుగుడు

అందరి పోస్టులూ చదివాను. సేవ్‌ఫైల్ చెప్పిన ఆట సంగతి తెలియదు, తెలిసినందుకు సంతోషం. వీణ గారూ, పెట్టె విషయంలో అడగకపోవడానికి కారణం ఉంది. పెట్టె వచ్చింది కానీ అమ్మానాన్నలు రాలేదు. పోయినవాళ్ళు పోయారు, మిగిలింది చేతికి అందింది. అందుకే నమ్మాను. ఉషియో విషయంలో పోయినవాళ్ళు కూడా వచ్చేశారు.

నా బాధ ఇంకా అక్కడే ఉంది. 19వ ఎపిసోడ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. కాలం వెనక్కి వెళ్తే తొమొయా వాళ్ళ నాన్నని క్షమించిన రోజు ఏమైంది?

#22 రెండుగదులిల్లు

చదువుతూ ఊరుకుందామనుకున్నాను. 19 పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నా.

నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాన్న ఒక్కడే పెంచాడు. పెంచాడు అంటే, ఫీజు కట్టాడు, అన్నం వండాడు, సాయంత్రం తాగాడు. కొట్టలేదు. మాట్లాడలేదు కూడా. ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్ళిపోయాక మళ్ళీ ఆ ఇంట్లో వారం రోజులు వరసగా ఉన్నది లేదు.

తొమొయా వాళ్ళ నాన్న నవొయుకి కొడుకుతో పరాయివాడితో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడతాడు. మొదటి సీజన్‌లో తొమొయాకి ఆ మర్యాద భరించలేనంత కోపం తెప్పిస్తుంది. చాలామందికి ఆ కోపం అతిగా అనిపించిందని ఎక్కడో చదివాను. నాకు అనిపించలేదు. తిడితే తిరిగి తిట్టొచ్చు, మర్యాదని ఏం చేయగలం?

18లో నాయనమ్మ తొమొయాతో ఏం చెబుతుంది? భార్య పోయాక నవొయుకి ఇదే చోటుకి చిన్న కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చాడని, వాడిని నా చేతులతోనే పెంచుతానన్నాడని. ఉన్నదంతా వాడికే పెట్టాడు, అందులో తను అరిగిపోయాడు. సరిగ్గా అదే దారిలో తొమొయా ఇప్పుడు తన కూతురితో నిలబడి ఉన్నాడు. తేడా ఒక్కటే. భార్య పోయాక నవొయుకి బిడ్డ చెయ్యి వదల్లేదు, తొమొయా ఐదేళ్ళు వదిలేశాడు. ఆ క్షణంలో ఎవరు మంచి తండ్రో వాడికే తెలిసిపోతుంది.

19లో ఉషియోని తీసుకుని ఆ ఇంటికి వెళ్తాడు. ముసలాయన గదిలో వాలిపోయి ఉంటాడు. ఇక చాలు, ఊరికి వెళ్ళి మీ అమ్మ దగ్గర ఉండమంటాడు కొడుకు. అప్పుడాయన అడిగే మాట, నేను చేయాల్సింది చేసేశానా అని. అవును అంటాడు కొడుకు. చిన్న సంచి సర్దుకుని వెళ్ళిపోతాడు. ఏడుపులు, కాళ్ళ మీద పడటాలు ఏమీ లేవు. వీపు కనపడుతుంది, అంతే.

నేను ఆ రాత్రి మా నాన్నకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక తిన్నావా అని అడిగాను. తిన్నాను, నువ్వు తిన్నావా అన్నాడు. అంతే మాట్లాడుకున్నాం. పోయినేడు ఆయన పోయేదాకా రోజూ అదే మాట్లాడుకున్నాం. ఒక్కరోజు కూడా మానలేదు.

అందుకే నాకు 22వ ఎపిసోడ్‌తో పేచీ లేదు. 19 నాకు జరిగింది. తొమొయాకి జరగకపోయినా నాకు జరిగింది.

#23 రాత్రిడ్యూటీ

తమ్ముడూ, ఏం రాయాలో తెలియడం లేదు. రోజూ ఫోన్ చేశావు, అది చాలు ఆయనకి.

#24 స్తంభంమీద

🙏

#25 సేవ్‌ఫైల్

రెండుగదులిల్లు రాసింది చదివి 19 మళ్ళీ పెట్టి చూశాను. పొద్దుతిరుగుడు అడిగిన ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది, నేను ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు.

ముసలాయన వెళ్ళిపోయాక ఏం జరుగుతుందో చూడండి. ఆయన నుంచి ఒక వెలుగు లేచి తొమొయాలోకి వస్తుంది. రెప్పపాటు ఉంటుంది. ఆటలో కూడా ఆయన వెలుగు ఉంది, దాన్ని ఆఫ్టర్ స్టోరీ లోపలే తెచ్చుకోవాలి, ఇంకే దారిలోనూ దొరకదు.

అంటే నగిసా పోవాలి, ఐదేళ్ళు పాడవ్వాలి, ఉషియో బొమ్మ పోగొట్టుకోవాలి, అప్పుడు గానీ నాన్నని అర్థం చేసుకోడు, అప్పుడు గానీ ఆ వెలుగు రాదు. అది లేకపోతే 22 లేదు. కాబట్టి 18, 19 చెరిగిపోలేదు. ఖర్చయ్యాయి. దాచుకున్న డబ్బుతో ఇల్లు కొంటే డబ్బు చేతిలో ఉండదు, పోయిందని మాత్రం అనం.

#26 గోదారిగట్టు

ఈ మాట కొత్తగా ఉంది. మా నాయనమ్మ అయితే పుణ్యం అనేది. ఒకరికి చేసింది ఎక్కడికీ పోదు, నీ గడపకి ఎప్పుడో వస్తుంది అనేది. తొమొయా స్కూల్లో చదివే యుకినె చెప్పే వెలుగుల కథ కూడా ఇంచుమించు అదే కదా, ఒక వెలుగు దొరికితే ఒక కోరిక తీరుతుందని.

ఖర్చయ్యాయి అన్నది ఒప్పుకుంటున్నా. కానీ తీసిన తీరు మీద నా మాట మారదు. అంత పెద్ద విషయాన్ని రెప్పపాటు వెలుగుతో చెప్పి, వంద మందిలో తొంభై మంది గమనించకపోతే తప్పు ఆ తొంభై మందిది కాదు. ఆఫ్టర్ స్టోరీలో మొదటి 8 ఎపిసోడ్లు తొమొయా స్నేహితుడు సునోహరా చెల్లెలు, మిసాయె పిల్లి, యుకినె గొడవలకి పెట్టారు. అందులో ఒక్క ఎపిసోడ్ ఈ వెలుగుల లెక్కకి ఇస్తే ఏం పోయింది?

#27 మళ్ళీమళ్ళీ

ఆ 8 ఎపిసోడ్లే వెలుగుల లెక్క! ఇప్పుడే నాకూ వెలిగింది. రెండోసారి చూసినప్పుడు కోపం ఎందుకు పోయిందో #2లో చెప్పలేకపోయాను కదా. మొదటిసారి అవి విసుక్కుంటూ ముందుకి జరిపేశాను. రెండోసారి పూర్తిగా చూశాను. పిల్లి కథ దగ్గర ఏడ్చాను కూడా. అందుకే చివర్లో ఊరంతా మంచులో వెలుగులు తేలుతుంటే ఏది ఎవరిదో తెలిసినట్టే అనిపించింది.

#28 గోదారిగట్టు

సరే. పిల్లి కథ మళ్ళీ చూస్తా. మాటిచ్చాను.

#29 కొత్తబ్యాచ్

స్పాయిలర్లు ఉన్నా మొత్తం చదివేశాను, ఆగలేకపోయాను. మొదలుపెట్టాలంటే ఏ వరసలో చూడాలి? 23, 24 అని కూడా ఎపిసోడ్లు కనపడుతున్నాయి.

#30 సేవ్‌ఫైల్

మొదటి సీజన్ 2007 అక్టోబరు నుంచి 2008 మార్చి వరకు వచ్చింది. ముందు అది చూడు. దాని కథ 22వ ఎపిసోడ్‌లో నాటకంతో ముగుస్తుంది. ఆ తర్వాత ఆఫ్టర్ స్టోరీ, 2008 అక్టోబరు నుంచి 2009 మార్చి. దాని కథ కూడా 22తోనే ముగుస్తుంది. 23 పక్క కథ, 24 జరిగినదాన్ని మళ్ళీ చెప్పేది. తొమొయో, క్యో ఇద్దరికీ విడివిడిగా మరో లోకం అని ఒక్కో ఎపిసోడ్ డీవీడీల్లో ఇచ్చారు. తొమొయా వాళ్ళని ప్రేమించి ఉంటే ఎలా ఉండేదో అందులో ఉంటుంది. అవి ఆఖరికి ఉంచుకో.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, ఏ ఎపిసోడూ ముందుకి జరపొద్దు.

#31 ఒసాకా అద్దెగది

మొదటి సీజన్ 22లో నాటకం మధ్యలో నగిసా స్టేజీ మీద ఏడుస్తూ ఆగిపోతుంది. అమ్మానాన్నలు తనకోసం నటననీ టీచర్ ఉద్యోగాన్నీ వదులుకున్నారని అప్పుడే తెలిసి ఉంటుంది. అకియో తలుపు తోసుకుని వచ్చి, నీ కలే మా కల అని గట్టిగా అరుస్తాడు. కొత్తబ్యాచ్, అది చూసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకో.

#32 పొద్దుతిరుగుడు

మూడు రోజుల తర్వాత వచ్చాను.

సేవ్‌ఫైల్ మాట విని 19 మళ్ళీ చూశాను, హాల్లో, టీవీకి కలిపి. మా నాన్న పేపర్ చదువుకుంటూ పక్క కుర్చీలో ఉన్నాడు. ఆయనకి సబ్‌టైటిళ్ళు కనపడవు, కళ్ళజోడు బెడ్‌రూమ్‌లో ఉంది. మధ్యలో పేపర్ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముసలాయన సంచి పట్టుకుని వెళ్ళేచోట, ఎక్కడికి పంపించేస్తున్నారు ఆయన్ని అని అడిగాడు. వాళ్ళ అమ్మ దగ్గరికి నాన్నా, సొంతూరికి అన్నాను. ఊఁ అన్నాడు. వెలుగు నాకు కనిపించింది ఈసారి. నిజంగానే రెప్పపాటే.

ముగింపు మీద కోపం పూర్తిగా పోలేదు. ఆ పూలతోట రోజు ఉషియోకి గుర్తుండదు కదా, అది మాత్రం నాకు మింగుడు పడటం లేదు. తొమొయాకైనా గుర్తుండాలని కోరుకుంటున్నా.

ఎపిసోడ్ అయిపోయాక టీవీ ఆపబోతే నాన్న ఉండమన్నాడు. లోపలికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని, ఆ చిన్నపిల్ల ఎవరు, మొదటి నుంచి వెయ్యి అన్నాడు. నిన్న రాత్రికి 4వ ఎపిసోడ్ దాకా వచ్చాం.